కోర్డోబాలో ఏది మిగిలింది, ఎందుకు మిగిలింది

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఎక్కితే హైస్పీడ్ రైలు దాదాపు గంటా ముప్పావులో దక్షిణాన ఉన్న కోర్డోబాలో దించుతుంది. దిగినవాళ్లు సూట్‌కేసులు లాక్కుంటూ పాత ఊరి దారి పడతారు. స్టేషన్ పక్కనే, పట్టాలను ఆనుకుని, ఓ పెద్ద రోమన్ భవన సముదాయం పునాదులు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. సెర్కదీయా అని పిలిచే ఆ చోటు 1991లో, ఈ రైలు మార్గం కోసం తవ్వుతున్నప్పుడే బయటపడింది. మూడో శతాబ్దం చివర, నాలుగో శతాబ్దం మొదట్లో కట్టిన కట్టడం అది. 1992లో సెవిల్ నగరంలో ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన మొదలయ్యేలోగా రైలు నడిపించి తీరాలి. ఆ తొందరలో అందులో చాలా భాగాన్ని చదును చేసి పట్టాలు వేసేశారు. టూరిస్టుల్ని ఊళ్లోకి తెచ్చే రైలు, ఆ ఊరి చరిత్రలో ఒక ముక్కను తొక్కుకుంటూ వస్తోందన్నమాట.

కోర్డోబాకు ఇది కొత్తేమీ కాదు. ఈ ఊరిని యునెస్కో నాలుగు సార్లు గుర్తించింది. 1984లో మసీదు-కేథడ్రల్, 1994లో దాని చుట్టూ ఉన్న పాత పట్టణం, 2012లో ఇళ్ల మధ్య పూల ముంగిళ్ల పండుగ, 2018లో ఊరి బయట ఉన్న మదీనా అసహరా శిథిలాలు జాబితాకెక్కాయి. మూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఊరికి ఇది చిన్న విషయం కాదు. టూరిజం బ్రోచర్లు దీన్నంతా ముస్లింలు, క్రైస్తవులు, యూదులు కలిసిమెలిసి బతికిన 'మూడు సంస్కృతుల నగరం' అనే ఒక్క మాటతో తేల్చేస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఒక్కో కట్టడం దగ్గర ఆగి ఇది కూలిపోకుండా ఎలా మిగిలిందని అడిగితే, వచ్చే జవాబు అంత తియ్యగా ఉండదు. ఈ ఊళ్లో నిలిచినవాటిలో చాలా భాగం, తర్వాత వచ్చినవాళ్లు తమ అవసరానికి మార్చుకుని వాడుకున్నవే. ఎవరికీ అక్కర్లేకుండా పోయినవాటిని రాయి రాయిగా ఊడదీసి పట్టుకుపోయారు.

కాలక్రమం ముందు క్లుప్తంగా. గ్వాదల్‌కివిర్ నది ఒడ్డున రోమన్లు స్థాపించిన ఈ పట్టణం బైతికా రాష్ట్రానికి రాజధాని. తత్వవేత్త సెనెకా పుట్టింది ఇక్కడే. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం సైన్యాలు స్పెయిన్‌లో అడుగుపెట్టాయి. 750లో, అప్పటిదాకా ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ వంశాన్ని దాని పోటీ వంశం అబ్బాసిద్‌లు ఊచకోత కోశారు. దాన్నుంచి తప్పించుకున్న యువరాజు అబ్ద్ అల్ రహ్మాన్ ఇక్కడికి చేరి 756లో సొంత రాజ్యం పెట్టుకున్నాడు. 929లో అదే వంశానికి చెందిన మూడో అబ్ద్ అల్ రహ్మాన్ తనను తాను ఖలీఫాగా ప్రకటించుకున్నాడు. పదో శతాబ్దంలో కోర్డోబా యూరప్‌లోని అతి పెద్ద నగరాల్లో ఒకటి. పదకొండో శతాబ్దం మొదట్లో అంతర్యుద్ధం దాన్ని ముక్కలు చేసింది. 1236లో క్రైస్తవ రాజ్యమైన కాస్తీల్ రాజు మూడో ఫెర్నాండో ఊరిని పట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు కట్టడం దగ్గరికి వెళ్దాం. ఊరి జనం దాన్ని మెస్కీతా అంటారు, అంటే మసీదు. ఎనిమిది శతాబ్దాలుగా అది చర్చిగా ఉన్నా, ఊరివాళ్ల నోట ఆ పేరే ఉంది.

785 ప్రాంతంలో మొదటి అబ్ద్ అల్ రహ్మాన్ దాన్ని మొదలుపెట్టినప్పుడు పనివాళ్లకు వచ్చిన చిక్కు చాలా మామూలుది. స్తంభాలు పొట్టివి. అవి కొత్తగా చెక్కించినవి కావు, రోమన్ల, వాళ్ల తర్వాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి ఊడదీసి తెచ్చినవి. ఒకటి నల్లరాయి, ఒకటి గులాబీ రంగుది, ఇంకొకటి బూడిదరంగు పాలరాయి. పొడవులో కూడా తేడాలున్నాయి. వాటి మీద నేరుగా కప్పు వేస్తే అంత విశాలమైన హాలు గోడౌన్‌లా అయి, కప్పు నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. అందుకని ప్రతి స్తంభం మీద రాతి దిమ్మె నిలబెట్టి, రెండు అంతస్తుల తోరణాలు వేశారు. కింది తోరణం గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. అది బరువు మోయదు, పక్కపక్క స్తంభాలు ఒరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. బరువు మోసేది పై తోరణం. రెండింటి మధ్య ఖాళీ వదిలేశారు కాబట్టి గాలి, చూపు రెండూ ఆడతాయి. తోరణాల్లో ఎర్ర ఇటుక, తెల్ల రాయి ఒకదాని తర్వాత ఒకటి పేర్చారు. ఇంతటి అందానికి మూలం పాత సామాన్లతో సర్దుకోవాల్సి రావడమే. స్పెయిన్‌లోనే ఉన్న రోమన్ నీటి కాలువల వంతెనల నుంచి ఈ ఉపాయం వచ్చి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం.

తర్వాత రెండు వందల ఏళ్లలో దాన్ని మూడు సార్లు పెంచారు. రెండో అబ్ద్ అల్ రహ్మాన్ దక్షిణానికి, అంటే నది వైపు, పొడిగించాడు. ఆ తర్వాత రెండో అల్ హకమ్ 960లలో ఇంకా దక్షిణానికి జరిపి, ఇవాళ అందరూ ఫోన్లెత్తి ఫొటోలు తీసే మిహ్రాబ్, అంటే నమాజు దిక్కు చూపే గోడ గూడు, కట్టించాడు. దాని మీది బంగారు మొజాయిక్ పని కోసం బైజాంటియం చక్రవర్తి ఒక నిపుణుణ్ని, గాజు ముక్కల బస్తాలను పంపాడని అరబ్బు చరిత్రకారులు రాశారు. ఒక క్రైస్తవ చక్రవర్తి పంపిన సామానుతో మసీదులో అతి పవిత్రమైన చోటు తయారైందన్నమాట. దీన్ని మతసామరస్యానికి నిదర్శనంగా చూపిస్తుంటారు. నిజానికి బాగ్దాద్‌లోని అబ్బాసిద్‌లు ఇద్దరికీ ఉమ్మడి శత్రువులు. కానుక వెనక ఆ లెక్క ఉంది.

చివరి పెంపు అల్ మన్సూర్‌ది. పేరుకు మంత్రి, పెత్తనమంతా అతనిదే. అప్పటికి దక్షిణాన నది అడ్డొచ్చింది కాబట్టి తూర్పుకు పెంచాడు. దాంతో మిహ్రాబ్ హాలుకు మధ్యలో లేకుండా ఒక పక్కకు వెళ్లిపోయింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి తోరణాలను దగ్గరగా చూడాలి. మొదటి భాగంలో ఎరుపు అంటే నిజంగా ఇటుకే. అల్ మన్సూర్ భాగంలో తోరణం మొత్తం రాయి, దాని మీద ఎర్రరంగు పూశారు. పాతకాలపు స్తంభాలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటే, ఇక్కడివి అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. పని త్వరగా కావాలి, హాలు పెద్దగా కనబడాలి. గైడ్ లేకుండా కూడా ఈ తేడా పట్టుకోవచ్చు. పట్టుకున్నాక ఆ హాలు ఒకే అడవిలా కనబడటం మానేసి, ఎక్కడ ఒకరి పని ఆగి ఇంకొకరిది మొదలైందో కంటికి తెలుస్తుంది. ఇప్పటికీ 850కి పైగా స్తంభాలు నిలిచి ఉన్నాయి. ఒకప్పుడు ఇంకా ఎక్కువ ఉండేవి.

ఆ తగ్గినవి ఎటు పోయాయన్నదే మిగతా కథ. 1236లో ఊరు పట్టుకున్న వెంటనే మసీదును చర్చిగా ప్రతిష్ఠించారు. 997లో అల్ మన్సూర్ ఉత్తరాన క్రైస్తవుల సాంతియాగో క్షేత్రం మీద దాడి చేసి, అక్కడి గంటలను ముస్లింలకు బందీలుగా దొరికిన క్రైస్తవుల భుజాల మీద మోయించుకుని వచ్చాడని, 1236లో వాటిని ముస్లిం బందీల భుజాల మీద తిప్పి పంపారని చరిత్రల్లో ఉంది. పగ తీర్చుకోవడంలో అంత పట్టింపు చూపినవాళ్లు కట్టడాన్ని మాత్రం దాదాపు ముట్టుకోలేదు. గోడల పొడవునా చాపెళ్లు, అంటే చిన్న ప్రార్థనా మందిరాలు, వచ్చాయి. 1371లో పూర్తయిన రాజకుటుంబం చాపెల్‌ను క్రైస్తవ రాజులే అరబ్బు శైలి సున్నపు అల్లికలతో కట్టించుకున్నారు. కొత్తగా కట్టడానికి డబ్బు, మనుషులు కావాలి. ఉన్న హాలు బాగుంది. దాంట్లోనే సర్దుకున్నారు. మూడు వందల ఏళ్లు అలా గడిచాయి.

1523లో బిషప్ అలోన్సో మాన్రికే మసీదు నడిబొడ్డున పూర్తి స్థాయి కేథడ్రల్ కట్టాలని పట్టుబట్టాడు. ఊరి పాలకమండలి అడ్డం తిరిగింది. ఉన్నదాన్ని పడగొట్టే పనిలో చేరిన కూలీలకు మరణశిక్ష అని చాటింపు వేయించింది. తగువు చక్రవర్తి ఐదో చార్లెస్ దాకా వెళ్లింది, ఆయన బిషప్ పక్షం వహించాడు. తర్వాత స్వయంగా వచ్చి చూసి, ఎక్కడైనా కట్టుకోగలిగే దాని కోసం ఇంకెక్కడా లేనిదాన్ని పాడుచేశారని నొచ్చుకున్నాడట. ప్రతి గైడూ చెప్పే కథ ఇది. ఆయన నిజంగా అన్నాడనడానికి గట్టి ఆధారం లేదు. పైగా అదే చార్లెస్ గ్రనడాలో ముస్లిం రాజులు కట్టిన అల్‌హంబ్రా కోట మధ్య తన కోసం చతురస్రపు రాతి మహలు ఒకటి మొదలుపెట్టించాడు. కాబట్టి ఆ పశ్చాత్తాపాన్ని కాస్త చూసి నమ్మాలి.

కేథడ్రల్ పని 1607 దాకా సాగింది. ఎర్నాన్ రూయిస్ పేరుగల తండ్రి, కొడుకు, మనవడు, మూడు తరాల శిల్పులు వరసగా దాని మీద పనిచేశారు. పొట్టి తోరణాల నీడలోంచి నడుచుకుంటూ వెళ్తుంటే ఉన్నట్టుండి తల మీద కప్పు మాయమై, తెల్లటి గుమ్మటం, వెలుతురు, 18వ శతాబ్దంలో మహాగని కలపతో చెక్కిన పాటగాళ్ల కుర్చీలు ఎదురవుతాయి. దీన్ని దారుణం అనేవాళ్లు ఉన్నారు, అద్భుతం అనేవాళ్లు ఉన్నారు. రెండూ ఒప్పుకోవచ్చు. కానీ మసీదు పాడైంది కేథడ్రల్ వల్లే, మసీదు మిగిలింది కూడా కేథడ్రల్ వల్లే అన్న మాట తోసిపుచ్చలేనిది. కోర్డోబాలో ఒకప్పుడు వందల కొద్దీ మసీదులుండేవి. పక్క వీధుల్లో ఒకటి రెండు మినార్లు చర్చి గంటల గోపురాలుగా మిగిలాయి, మిగతావాటి ఆనవాళ్లు లేవు. ఇక్కడి మినార్ సంగతి కూడా అంతే. 1589లో తుపానుకు దెబ్బతిన్న దాన్ని కూల్చకుండా, 1593 నుంచి దాని చుట్టూ కొత్త రాయి తొడిగి గంటల గోపురం చేశారు. ఇవాళ 54 మీటర్ల గోపురం మెట్లెక్కేవాళ్లు పదో శతాబ్దపు మినార్ మొండెం పక్కనుంచే పైకి వెళ్తారు.

ఈ వాదనను చర్చి వర్గాలు కూడా ఇష్టంగా వాడుకుంటాయి. మేం వాడుకున్నాం కాబట్టే నిలిచింది, కాబట్టి ఇది మాది అని. చిక్కంతా ఆ రెండో 'కాబట్టి' దగ్గరుంది. ప్రార్థనాలయాలను బిషప్ సొంత ధ్రువీకరణతో రిజిస్టర్ చేసుకునే వీలు స్పానిష్ చట్టంలో ఒకప్పుడు ఉండేది. దాన్ని వాడుకుని 2006లో చర్చి ఈ కట్టడాన్ని తన పేర రాయించుకుంది. అయిన ఖర్చు 30 యూరోలు. విషయం బయటికి పొక్కాక ఊళ్లో పెద్ద రభస అయింది. ప్రజల ఆస్తి అని ఒక వర్గం సంతకాలు సేకరించింది. చర్చి కరపత్రాల్లో మసీదు అన్న మాట తగ్గిపోయి 'కేథడ్రల్' ఒక్కటే మిగలడం కోపాన్ని పెంచింది. తర్వాత జంట పేరు మళ్లీ వచ్చింది. ఆ చట్టపు వెసులుబాటును 2015లో రద్దు చేశారు గానీ, అప్పటికే రాయించుకున్నవి అలాగే ఉన్నాయి. గొడవ పేరు మీద, టికెట్ల డబ్బు మీద, పెత్తనం మీద. ఏదీ పడగొట్టమని మాత్రం ఎవరూ అడగడం లేదు, అది గమనించాలి.

ముస్లింలు ఇక్కడ నమాజు చేయడానికి వీల్లేదు, చేయబోతే కాపలావాళ్లు ఆపుతారు. 2004లో స్పెయిన్ ముస్లింల సంస్థ ఒకటి వాటికన్‌ను అనుమతి కోరింది, రాలేదు. 1930ల మొదట్లో వచ్చిన ఉర్దూ కవి ఇక్బాల్ మాత్రం ఇక్కడ నమాజు చేసుకున్నాడు. ఆయన ఈ మసీదు మీద రాసిన దీర్ఘకవిత ఉర్దూ చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. హైదరాబాద్ నుంచి వచ్చే కొందరికి ఈ ఊరి పేరు టూరిజం వల్ల కాక ఆ కవిత వల్ల పరిచయం.

వాడకం కాపాడుతుందని చెప్పుకుంటూనే, ముప్పు కూడా అందులోంచే వస్తుందని ఒప్పుకోవాలి. 2025 ఆగస్టు 8 రాత్రి అల్ మన్సూర్ కట్టించిన తూర్పు భాగంలో మంటలు లేచాయి. సామాన్ల గదిగా వాడుతున్న ఒక చాపెల్‌లో మొదలైన నిప్పు దాని కప్పును కూల్చేసింది. ఫైర్ సిబ్బంది త్వరగా రావడంతో నష్టం ఆ మూలతో ఆగింది, మర్నాడే సందర్శకులను లోపలికి వదిలారు. చెక్క కప్పులున్న వెయ్యేళ్ల కట్టడంలో రోజువారీ సామాన్లు ఎక్కడ పెట్టుకోవాలన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఆ రాత్రి తెలిసింది.

మెస్కీతా నుంచి పడమరకు నడిస్తే యూదుల పేట. గోడలు చేతికందేంత సన్నటి సందులు, తెల్లసున్నం, కిటికీల కింద పూలకుండీలు, ప్రతి మూలకూ ఒక సావనీర్ షాపు. ఇక్కడ చూడాల్సింది 1315లో కట్టిన సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. ఏడు మీటర్ల చదరం కూడా లేని చిన్న గది. గోడల పైభాగమంతా సున్నపు అల్లికలు, వాటి మధ్య హీబ్రూలో కీర్తనల పంక్తులు, పైన ఆడవాళ్లు కూర్చునే చోటు. కట్టింది యూదులు, పాలకులు క్రైస్తవులు, చెక్కడపు తీరు అరబ్బులది. బ్రోచర్ చెప్పే మూడు సంస్కృతులూ ఒకే గదిలో ఉన్నాయి, నిజమే. కానీ 1391లో ఈ పేట మీద దాడి జరిగింది, 1492లో యూదులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టారు. ఖాళీ అయిన సినగాగ్‌ను పిచ్చికుక్క కాటు రోగుల ఆస్పత్రి చేశారు. తర్వాత 1588లో చెప్పులు కుట్టేవాళ్ల సంఘం దాన్ని తమ చాపెల్ చేసుకుంది. గోడలకు పూత మీద పూత పడింది. 1884లో ఆ పూత రాలినప్పుడు కింద హీబ్రూ అక్షరాలు బయటపడ్డాయి. స్పెయిన్‌లో మంచి స్థితిలో మిగిలిన మధ్యయుగపు సినగాగులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది మిగలడానికి సగం పుణ్యం ఆ చెప్పులవాళ్లదే.

దగ్గర్లోనే యూదు తత్వవేత్త మైమోనిడీస్ కంచు విగ్రహం ఉంటుంది. తాకితాకి పాదం నిగనిగలాడుతూ ఉంటుంది. పాత గోడ పక్కన ముస్లిం తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ విగ్రహం. అరిస్టాటిల్‌కు ఆయన రాసిన వ్యాఖ్యానాలు యూరప్ విశ్వవిద్యాలయాలను నడిపించాయి. ఇద్దరూ ఇక్కడ పుట్టినవాళ్లే, ఇద్దరికీ ఈ ఊరు చోటివ్వలేదు. 1148లో ఉత్తర ఆఫ్రికా నుంచి మతపట్టింపు ఎక్కువున్న అల్మొహాద్ పాలకులు వచ్చాక మైమోనిడీస్ కుటుంబం ఊరు విడిచింది, ఆయన చివరికి ఈజిప్టులో స్థిరపడ్డాడు. ఇబ్న్ రుష్ద్ పుస్తకాలను తగలబెట్టించి, 1195లో ఆయన్ను లుసేనా అనే చిన్న ఊరికి పంపేశారు. ఈ విగ్రహాలు రెండూ 1960లలో పెట్టినవి, విదేశీ టూరిస్టులు వెల్లువెత్తుతున్న కాలంలో.

నది ఒడ్డున ఉన్న క్రైస్తవ రాజుల అల్కాసర్ కోటకు గంట చాలు. 1328లో మొదలైంది. రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండ్ స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యమైన గ్రనడా మీద యుద్ధాన్ని ఇక్కడి నుంచి నడిపించారు, 1486లో కొలంబస్ తన ప్రతిపాదనతో వాళ్లను కలిసింది ఇక్కడే. ఆ తర్వాత మత విచారణ న్యాయస్థానానికి మూడు వందల ఏళ్లకు పైగా మకాం అయింది, ఆపైన 20వ శతాబ్దం మధ్య దాకా జైలు. అందరూ ఫొటోలు దిగే తోటలు చాలావరకు జైలు ఎత్తేశాక వేసినవే. లోపల హాలులో గోడలకు పెట్టిన రోమన్ మొజాయిక్‌లను మాత్రం వదలొద్దు. కొర్రెదేరా అనే పాత చౌరస్తా మధ్యలో ఉన్న మార్కెట్ భవనాన్ని 1950లలో తీసేసినప్పుడు కింద దొరికినవి అవి. రోమన్ వంతెన గురించి చెప్పాలంటే, పేరులోనే రోమన్. పునాదులు అప్పటివి కావచ్చు గానీ ప్రతి శతాబ్దంలో ఎవరో ఒకరు బాగుచేసుకుంటూ వచ్చారు. నది దాటాలంటే అదే దారి కాబట్టి బాగుచేశారు.

ఇక ఎవరూ వాడుకోనిది ఏమవుతుందో చూడాలంటే పడమరకు ఎనిమిది కిలోమీటర్లు వెళ్లాలి. మూడో అబ్ద్ అల్ రహ్మాన్ ఖలీఫా అయ్యాక, 936 ప్రాంతంలో కొండ వాలు మీద మూడు మెట్లుగా ఒక కొత్త రాజధాని కట్టించడం మొదలుపెట్టాడు. అదే మదీనా అసహరా. పొడవు కిలోమీటరున్నర, వెడల్పు ముప్పావు కిలోమీటరు. పై మెట్టు మీద రాజభవనాలు, కింద ఊరు. విదేశీ రాయబారులను నిలబెట్టి కళ్లు తిరిగేలా చేయడానికే దీన్ని కట్టారన్నా తప్పులేదు. బతికింది మాత్రం డెబ్బై ఏళ్లు. అంతర్యుద్ధంలో దోచి తగలబెట్టారు. రాజు లేడు కాబట్టి రాజధానితో పని లేదు. తర్వాత వందల ఏళ్లు అది రాళ్ల గనిగా మారింది. పక్కనే కొండ మీద 15వ శతాబ్దంలో లేచిన మఠానికి రాయి ఇక్కడిదే. చెక్కిన స్తంభాల తలలు సెవిల్ దాకా వెళ్లాయి. చివరికి ఇది ఏ ఊరో కూడా జనం మరచిపోయి, 'పాత కోర్డోబా' అని పిలుస్తూ రోమన్ల కాలపు ఊరనుకున్నారు.

1911లో తవ్వకాలు మొదలయ్యాయి. ఇప్పటికి పదో వంతు బయటపడింది. ఖలీఫా దర్బారు హాలును తవ్వినప్పుడు గోడల మీది రాతి చెక్కడం వేల ముక్కలుగా దొరికింది. ఒక్కో ముక్కా అరచేయంత, కొన్ని అంతకంటే చిన్నవి. ఆకు కొసలు, కాడ వంపులు, సగం పువ్వులు. వాటిని నేల మీద వరసలుగా పరచి, ఏ కాడ ఏ ఆకుకు తగులుతుందో చూసుకుంటూ తరాల తరబడి గోడకు ఎక్కిస్తున్నారు. మెస్కీతాలో మిహ్రాబ్ పక్కన చెక్కుచెదరకుండా ఉన్న చెక్కడమూ, ఈ నేల మీది పొడీ ఒకే కాలానివి, బహుశా ఒకే పనివాళ్ల చేతివి. ఒకే రోజు రెండూ చూస్తే ఆ తేడా ఏ పుస్తకమూ చెప్పనంత గట్టిగా తెలుస్తుంది. కింద ఉన్న మ్యూజియం సగం నేలలో దిగిపోయినట్టు కట్టారు, దానికి 2010లో వాస్తుశిల్పానికి ఇచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది. ముందు మ్యూజియం చూసి, తర్వాత షటిల్ బస్సులో పైకి వెళ్లడం మంచిది. లేకపోతే కనబడేవి మోకాలి ఎత్తు గోడలే.

యునెస్కో 2012లో ఇచ్చిన గుర్తింపు కట్టడాలకు కాదు, మనుషుల అలవాటుకు. కోర్డోబా వేసవి భయంకరం. 2021 ఆగస్టులో విమానాశ్రయం దగ్గర 46.9 డిగ్రీలు నమోదైంది. అందుకే రోమన్ల నాటి నుంచి ఇళ్లు వీధికి వీపు చూపించి, లోపలి ముంగిలి వైపు తెరుచుకుంటాయి. నడుమ ఆకాశానికి తెరిచిన ఖాళీ, చుట్టూ గదులు. మన మండువా లోగిలి చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఒక్క తేడా ఉంది. మండువా అనేది డబ్బున్నవాళ్ల ఇంటి గుర్తు. కోర్డోబాలో పేరుపడ్డ ముంగిళ్లలో చాలావాటి చుట్టూ ఉన్నది అద్దె జనం. పల్లెల నుంచి పని కోసం వచ్చినవాళ్లు పాత పెద్ద ఇళ్లలో ఒక్కో గది అద్దెకు తీసుకుని, బావి, చాకిరేవు, పొయ్యి అందరూ పంచుకునేవాళ్లు. ఆ ఉమ్మడి ముంగిట్లో గోడకు సున్నం కొట్టి, పాత డబ్బాల్లో జెరేనియం మొక్కలు పెంచడం ఖర్చు లేని అలంకారం. 1921లో నగరపాలక సంస్థ దానికి పోటీ పెట్టింది. జమీందారీ తరహా చూడాలనుకుంటే బియానా మహలుంది. అక్కడ ముంగిళ్లే పన్నెండు. అందంగా ఉంటుంది గానీ మ్యూజియం మ్యూజియమే.

మే నెల మొదటి రెండు వారాల్లో పోటీకి నిలిచిన ఇళ్లవాళ్లు తలుపులు తీస్తారు. లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు. శాన్ బసీలియో పేటలో వరసగా చాలా ఇళ్లు కనబడతాయి. నీలం రంగు వేసిన కుండీలు పైకప్పు అంచు దాకా గోడ నిండా వేలాడుతుంటాయి. వాటికి నీళ్లు పోయడానికి పొడవాటి రెల్లు కర్ర కొసకు ఒక డబ్బా కట్టి, దాన్ని పైకెత్తి ఒక్కో కుండీలో ఒంపుతారు. ఎండాకాలంలో ఇది రోజూ చేయాల్సిన పని. నడుం పడిపోయే పని. చేసేవాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు. ఊళ్లో ఆ కర్రతో నీళ్లు పోస్తున్న ఆడమనిషి కంచు బొమ్మ పెట్టారు, ఈ ఊరి బొమ్మలన్నిటిలో న్యాయమైనది అదే అనిపిస్తుంది.

మరి ఈ ముంగిళ్లకు ముందున్న గండం ఏమిటి? పేరు రావడమే. యునెస్కో గుర్తింపు తర్వాత మే నెలలో క్యూలు వీధి చివర దాకా సాగుతున్నాయి. పాత ఊళ్లో ఇళ్లు ఒక్కొక్కటిగా టూరిస్టుల అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. మూడు రోజులకు దిగేవాళ్లు కుండీలకు నీళ్లు పోయరు. పూలను ఉద్యోగిని పెట్టి పెంచవచ్చు, కానీ అప్పుడది హోటల్ లాబీ అవుతుంది. మసీదు చర్చిగా మారి బతికినట్టు, సినగాగ్ చెప్పులవాళ్ల చేతిలో బతికినట్టు, ముంగిలి ఇంకో రూపంలో బతకగలదా అంటే అనుమానమే. అక్కడ చూడాల్సింది గోడను కాదు, గోడ వెనక కాపురాన్ని. కాపురం లేచిపోతే మార్చుకోవడానికి కూడా ఏమీ మిగలదు. నగరపాలక సంస్థ పోటీలో నిలిచేవాళ్లకు కొంత డబ్బు ఇస్తుంది, కొన్ని ఇళ్లను ఉమ్మడిగా నడిపే ప్రయత్నాలూ ఉన్నాయి. అద్దెల లెక్క ముందు అది ఎంతవరకు ఆగుతుందన్నది చూడాలి.

వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాటలు కొన్ని. చాలామంది మాడ్రిడ్, సెవిల్‌ల మధ్య నాలుగు గంటలు ఆగి, మెస్కీతా ఒక్కటి చూసి రైలెక్కేస్తారు. అలా చేస్తే జనం రద్దీలో దాన్ని కూడా సరిగా చూసినట్టు కాదు. రాత్రి ఊళ్లోనే ఉంటే, సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు విడిగా వచ్చేవాళ్లకు ఉచిత ప్రవేశం ఉంటుంది, గుంపులుండవు. పండుగ రోజుల్లో మారుతుంది కాబట్టి వెబ్‌సైట్ చూసుకోవాలి. ఆదివారం పొద్దున పూజ వేళలు అడ్డొస్తాయి. జూలై, ఆగస్టు వద్దు. మే నెల పూల కోసం వెళ్తే గది నెలల ముందే బుక్ చేసుకోవాలి, రేట్లు కూడా మండుతుంటాయి. మార్చి, అక్టోబరు, నవంబరు హాయి.

తిండి దగ్గర శాకాహారులు కాస్త జాగ్రత్తపడాలి. సల్మోరేఖో అనే చల్లటి టమాటా గుజ్జు ఈ ఊరి సొంతం. టమాటా, నిన్నటి రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. కానీ అడక్కపోయినా పైన ఉడికిన గుడ్డు ముక్కలు, పంది మాంసం తురుము చల్లుతారు, ముందే వద్దని చెప్పాలి. వంకాయ ముక్కలు వేయించి మీద చెరకు పాకం పోసి ఇచ్చే వంటకం పూర్తిగా శాకాహారమే. వంకాయలో తీపి ఏమిటని మూతి ముడిచే తెలుగువాళ్లు కూడా రెండో ముక్కకు చెయ్యి చాపుతారు. మధ్యాహ్నం రెండు దాటాక చిన్న షాపులు మూసేసి సాయంత్రం ఐదు తర్వాత తీస్తారు. ఆ వేళకు ఏమైనా కొందామని బయల్దేరితే ఎండే మిగులుతుంది. అల్కాసర్, మదీనా అసహరా రెండూ సోమవారం మూత. ఆ ఒక్కరోజే ఉండేవాళ్లకు మెస్కీతా, వంతెన, సందులే గతి.